దాపటెద్దు పక్కన ఇంకో దాపటెద్దు

బి.ఏ. పాసైనవాడికి ఇక తెలియాల్సిందంటూ ఏమీ మిగలదని ఊరంతా నమ్మేది ఆ రోజుల్లో. ఊరికంటే నేను ఇంకా గట్టిగా నమ్మేవాణ్ణి. తిరుపతిలో చదువు ముగించుకొని, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ, పాకాల దగ్గర మా ఊళ్లో మడత నలగని ప్యాంటు వేసుకొని తిరుగుతుండేవాణ్ణి. ఆ ప్యాంటువాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పోనీ కోపం వాడొక్కడి మీదే అయినా బాగుండేది. మా నాయన మీద కోపం, సంతలో ఎద్దును అమ్మిన పెద్దమనిషి మీద కోపం, ఆఖరికి ఆ ఎద్దు మీద కూడా కోపమే. (పాపం, ఎద్దు తప్పేమీ లేదు. అందుకే దాని మీద ఇంకా ఎక్కువ కోపం.)

కాడికి కట్టే రెండెద్దుల్లో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. ఇవి ఉత్త కుడి ఎడమల పేర్లు కావు. కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు ఏ పక్క కట్టారో, బతికినంతకాలం దానిది ఆ పక్కే. మా వైపు మడక, అంటే నాగలి, చాలు చివర ఎడమకు తిరిగేది. తిరిగినప్పుడు దాపటెద్దు దాదాపు ఉన్నచోటే అడుగులు సర్దుకుంటే, ఎలపటెద్దు చుట్టూ నడిచి రావాలి. ఈ ముక్క మా ఊళ్లో గోచీ పెట్టుకున్న పిల్లవాడికి కూడా తెలుసు. నాకు తెలియదు. మాటలు విన్నాను గానీ, ఏ పక్క కడితే ఏముంది, ఎద్దు ఎద్దే కదా అనుకునేవాణ్ణి.

ఆ ఏడు మా ఎలపటెద్దు రోగమొచ్చి చచ్చిపోయింది. మిగిలింది దాపటి కర్రెద్దు, నల్లటిది, ఒక్కటే. అది చాలనట్టు నాయన బావిగట్టు మీద జారిపడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే, చూసి చూసి కళ్లు కాయలు కాసిన వాన కురిసింది. నేలలో తడి పదును ఆరేలోగా దున్ని చెనిక్కాయలు, అదే వేరుశెనగ, వేస్తే సరి, లేకపోతే ఆ ఏడంతా చేతులు కట్టుకొని కూర్చోవాలి. సంతరోజునే నాయన కట్టు మార్పించుకోవడానికి పుత్తూరు పోవలసి వచ్చింది. గత్యంతరం లేక నన్ను పిలిచాడు.

"ఒరే, ఎలపటిది సూసి పట్టుకోని రా. ఎలపటిది. ఇనబడిందా?"

"ఎన్నిసార్లు చెప్తావు నాయనా, నాకేం చెవుడా?" అని విసుక్కొని పోయాను.

సంతలో పళ్లు చూశాను, గిట్టలు చూశాను, చుట్టూ రెండుసార్లు తిరిగాను. పాలరాయిలాంటి తెల్లెద్దు ఒకటి కంటికి ఆనింది. అమ్మే ఆయన, "దాపట కట్టి సూడు సామీ, మళ్లా వచ్చి నాకు దండం పెడతావు" అన్నాడు. అన్నాడండీ! దాచలేదు, మోసం చెయ్యలేదు. నేనే అన్నీ తెలిసినవాడిలా తలూపాను. ఇన్నేళ్లలో ఆయన్ను ఒక్క తిట్టయినా తిట్టుకునే వీలు లేకుండా చేసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే చేలో కాడి కట్టాము. తెల్లెద్దును కుడిపక్క నిలబెడితే అది కాడి కిందినుంచి మెడ తప్పించుకొని, వెనకనుంచి తిరిగొచ్చి, కర్రెద్దుకు ఎడమపక్క బుద్ధిమంతుడిలా నిలబడింది. మళ్లీ లాక్కొచ్చి కడితే మళ్లీ అదే పని. మూడోసారి కర్రెద్దుకు ఒళ్లు మండి కొమ్ము విసిరింది. పక్క చేలో దున్నుతున్న చిన్నాయన మడక ఆపి మరీ చూశాడు.

"ఏందప్పా, రెండూ ఒక పక్కనే నిలబడుండాయి! ఫోటో తీపిస్తాండారా?"

నాయన మొహం జేవురించింది. "దాపటిదాన్ని పట్టుకొచ్చినావు గదరా! ఎద్దును కొనేటోడు ఏ పక్క కట్టినారని అడగడా? పదును ఆరిపోతా ఉండాది, ఈ ఒంటిచెయ్యి పెట్టుకోని నేనేం సావాలిరా?"

చిన్నాయన ముందర ఆ మాటలు పడేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ అరిచాను. "నాకెవురు చెప్పినారు? నువ్వు చెప్పినావా? మడక ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడతానన్నది నువ్వు కాదా? చేలోకొస్తే పుస్తకం యాడరా అని తరిమింది నువ్వు కాదా?"

చిన్నాయన గబగబా తన ఎద్దుల్ని అదిలించుకొని పోయాడు. కాసేపటికి నాయన కర్రెద్దును కుడిపక్కకు తెచ్చి, దాని ముక్కుతాడు నా చేతికిచ్చాడు. "పడుసుది మాట ఇనదు. ఇది పెద్దది, సెప్తే ఇంటాది. పట్టుకోని ముందర నడువు."

రెండురోజులు నడిచాను. కర్రెద్దు ఎడమకు లాగేది, నేను కుడికి లాగేవాణ్ణి, వెనక ఒంటిచేత్తో మడక మేడి పట్టుకొని నాయన మా ఇద్దర్నీ కలిపి తిట్టేవాడు. ఎద్దు నా కాళ్లు తొక్కింది, ప్యాంటు మోకాళ్లదాకా బురదైంది, చాళ్లు పాము పాకినట్టు వచ్చాయి. కింది చేలో విత్తనం పడింది. పైచేనికి పోయేసరికి మడక దిగలేదు, పదును ఆరిపోయింది. ఆ ఏడు పైచేను బీడే.

రెండోనాటి సాయంత్రం గట్టుమీద కూర్చొని బొబ్బలెక్కిన నా అరచెయ్యి తిప్పి చూసి, నాయన మెల్లగా అన్నాడు: "ఈ దాపటా ఎలపటా నీకు తెలీకుండా బతకాలనే గదరా, నేను ఇంత సేసింది."

అప్పుడైనా నాకు బుద్ధి రావాలా? రాలేదు. "ఆ ముక్క సంతకు పంపకముందే తెలుసుకోవాల్సింది నువ్వు" అని చెయ్యి లాక్కున్నాను. ఇరవైరెండేళ్ల పొగరు! ఇప్పుడు వాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టి నాలుగు తగిలించాలనిపిస్తుంది, వాడి బురద ప్యాంటు చూసి నవ్వూ వస్తుంది. నాయన మాత్రం లేచి, బాగున్న చేత్తో రెండెద్దుల పగ్గాలూ తనే పట్టుకొని, నన్ను ఒట్టి చేతులతో ముందు నడవమన్నాడు.