నలభై పేజీల మిత్రుడు

రెండు మాటలు చెబుతానని మొదలుపెట్టి నలభై పేజీలకు తక్కువ రాయకపోవడం ఆ పెద్ద వకీలుగారి జబ్బు. ప్రాక్టీసు మానేసి పదేళ్లయినా ఊళ్లోవాళ్ల కేసుల్లో తలదూర్చడం మాత్రం మానలేదు. ఆయన వాదీ కాదు, ప్రతివాదీ కాదు. కోర్టుకు తెలియాల్సిన సంగతులు తెలిపే స్నేహితుడిగా, జడ్జిగారి అనుమతితో ఓ నివేదిక దాఖలు చేస్తారు. అందుకే అంతా ఆయన్ని మిత్రుడుగారనే పిలిచేవారు.

ఆ కాగితాలకు నంబర్లు వేసి, కుట్టి, ఫైల్లో పెట్టే ఖర్మ బెంచి గుమాస్తాది. మిత్రుడుగారు గుమ్మంలో కనిపిస్తే చాలు, అతనికి వేళ్లు నొప్పెట్టేవి.

"ఈసారైనా క్లుప్తంగా రాశారాండీ?"

"చాలా క్లుప్తం. నలభై మూడు పేజీలు."

"మేడమెట్ల తగాదాకి నలభై మూడా!"

"అసలు మనిషి మెట్లెక్కడం ఎందుకు మొదలుపెట్టాడో చెప్పకపోతే జడ్జిగారికి ఎలా తెలుస్తుందయ్యా?"

కుక్క మొరిగిన కేసులో తోడేళ్ల వంశచరిత్ర రాశారు. ప్రహరీగోడ కేసులో మట్టి దగ్గర మొదలెట్టి ఇటుక కాలేదాకా రాశారు. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే, "నేను ఏ పక్షమూ కాదు, అయినా..." అని అందుకునేవారు. ఆవిడ తినేసి, చెయ్యి కడుక్కుని, పక్కింటికి వెళ్లొచ్చినా తీర్పు వచ్చేది కాదు.

ఒకరోజు పొద్దున ఆయన కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని ఆదరాబాదరా రాస్తున్నారు. ఇవాళ నాలుగు మాటలు అనాల్సిందేనని గుమాస్తా బయల్దేరాడు. తీరా వెళ్తే పక్కన బట్టలు కుట్టే ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. పన్నెండేళ్లుగా ఆవిడ మిషను నడిచే అద్దెగదిని ఇంటివాళ్లు ఖాళీ చేయమంటున్నారు. విచారణ ఇవాళే. ఆవిడకు వకీలు లేడు.

"ఉచితంగా వాదించేవాళ్లు దొరికారు బాబుగారూ. కానీ కాగితాలు చూడ్డానికి పది రోజులు కావాలంటున్నారు."

"ఆ పది రోజుల సంగతి నాకొదిలెయ్యమ్మా. నిలబడి వాదించే ఓపిక నాకు లేదు. కూర్చుని రాయగలను. నేను పేజీలు పెంచేకొద్దీ జడ్జిగారు చదవడానికి గడువు పెంచుతారు."

గుమాస్తా గతుక్కుమన్నాడు. మెట్ల కేసు, కుక్క కేసు, గోడ కేసు, అన్నీ గుర్తొచ్చాయి. అన్నిట్లోనూ ఒక పక్షానికి వకీలు లేడు. ఇన్నాళ్లూ ఈయన్నా తిట్టుకున్నది అని సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంతలో కేసు పిలిచారు. ఇంటివాళ్ల వకీలు ఉత్తర్వు ఇవాళే కావాలన్నాడు. మిత్రుడుగారు అప్పటిదాకా రాసినంతే కట్టగా అందించారు. జడ్జిగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"పన్నెండు పేజీలేనా? దీనికి రెండు రోజులకు మించి గడువు ఇవ్వలేనండీ."

కుట్టే ఆవిడ మొహం పాలిపోయింది. గుమాస్తా దిగ్గున లేచాడు.

"మిగతా పేజీలకు నంబర్లు వేస్తున్నానండీ!"

"ఎన్నున్నాయి?"

"ముప్ఫై... ముప్ఫై ఒకటండీ."

"అలాగైతే పది రోజులు వాయిదా."

చేతికందిన తెల్లకాగితాల మీద పదమూడు నుంచి నలభై మూడు దాకా నంబర్లు వేసి, కుట్టి, గుమాస్తా జడ్జిగారి బల్ల మీద పెట్టాడు.

పది రోజులకు ఆవిడ పక్కన వకీలు నిలబడ్డాడు. గది ఆవిడకే దక్కింది. జడ్జిగారు లేచి వెళ్తూ గుమాస్తా దగ్గర ఆగారు.

"మీ మిత్రుడుగారి కాగితాలు మొత్తం చదివానయ్యా. ఆ చివరి ముప్ఫై ఒక్క పేజీలూ ఎంత క్లుప్తంగా రాశారో!"