అత్తయ్య కంచం కింద కాటా

షుగర్ బోర్డర్‌లో ఉంది, బరువు తగ్గాల్సిందేనని నరసరావుపేటలో డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద ముద్దకీ లెక్కే. వారం క్రితం చిన్న కాటా కొన్నాను. ఏది తిన్నా తూచి ఫోన్‌లోని యాప్‌లో ఎక్కిస్తున్నాను. పిండిపదార్థం, కొవ్వు రోజూ హద్దు దాటేస్తాయి. ప్రొటీన్ మాత్రం ఏ రోజూ సరిపోదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ వినపడేలా బెంగపడుతున్నాను.

ఈ రోజు చర్చి నుంచి వచ్చి కోడికూరతో భోజనానికి కూర్చున్నాం. నేను ముక్కలు తూచుకుంటుంటే మా అత్తయ్య నవ్వి, తన కంచం ముందుకు జరిపింది.

"నాది కూడా చూడవే, నేనెంత తింటన్నానో."

సరదాగానే తూచాను. అన్నం, పులుసు, కాస్త గోంగూర పచ్చడి. యాప్‌లో ప్రొటీన్ గడి దాదాపు ఖాళీ.

"ముక్కలేవి అత్తయ్యా?"

"నీకేందో తక్కువైందని రోజూ దిగులు పడతన్నావుగా. నీ గిన్నెలోకే ఏశా. నాకు పులుసు చాల్లే."

"మరి పొద్దున గుడ్డు?"

"అదీ నీకే పెట్టా. రెండు తిన్లా నువ్వు?"

తిన్నాను. రెండూ యాప్‌లో ఎక్కించాను కూడా.

సగం ముక్కలు ఆమె కంచంలో వేస్తే, నన్ను తిడుతూనే తిన్నది. మీ ఇంట్లో కాటా ఉంటే ఒక్కసారి పక్కన కూర్చున్నవాళ్ల కంచం కింద కూడా పెట్టి, ఏం తేలిందో నాకు చెప్పండి. నేనైతే ఇది ఈ వారం సంగతేనా, నేను కాపురానికొచ్చిన పన్నెండేళ్లూ ఇంతేనా అని ఆమెను అడిగే ధైర్యం లేక కూర్చున్నాను.