ఓబులేసన్న లైసెన్స్

మొన్నటి తొలకరికి మా ఆఫీసు ముందు ఆగిన టిప్పర్ల మీద టార్పాలిన్లు తడిశాయి. రబ్బరు, ఇనుపరాతి దుమ్ము కలిసిన ఆ వాసన కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చింది. ఓబులేసన్న చొక్కాకు ఎప్పుడూ ఉండే వాసన అది. రాస్తున్న కాగితం పక్కన పెట్టాను. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయన గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను గానీ, పొగడ్తలా ఉంటుందేమోనని భయపడి రాయలేదు. పొగిడితే ఆయనకు నచ్చదు.

బళ్ళారి జిల్లా కూరెకుప్పలో మాది ఒక చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. గనుల నుంచి ఇనుపరాయి మోసే ముప్పై టిప్పర్లు ఉన్నాయి. వాటి పర్మిట్లు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, ఇన్సూరెన్సులు గడువు దాటకుండా చూడడం నా పని. ఓబులేసన్న అక్కడ అందరికన్నా పాత డ్రైవరు. నేను డిగ్రీ పట్టుకుని చేరిన మొదటి వారంలోనే, ఫైళ్ళలో తల దూర్చి కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని లేపాడు. "రాప్పా శేఖరా, బండెక్కు. ఫైల్లో బండి కనపడదు, బండి ముందర నడిచే మనిషి అసలు కనపడడు" అన్నాడు. ఆ రోజు బండ్రి అనే ఊరి దాకా తీసుకుపోయాడు. దారి పొడుగునా రోడ్డు అంచున నడిచేవాళ్ళను చూపిస్తూనే ఉన్నాడు. ఎవరు ఏ పొలానికి పోతారో, ఎవరికి చెవులు వినిపించవో, ఏ మలుపులో పిల్లలు పరిగెత్తుతారో ఆయనకు తెలుసు. నాకు అప్పట్లో అదంతా ముసలి డ్రైవరు కబుర్లలా అనిపించింది.

ఆయుధపూజ నాడు మా ఆఫీసులో బండ్లతో పాటు ఫైళ్ళకూ కుంకుమ పెడతాం. ముప్పై ఫైళ్ళూ వరసగా పేర్చి, గడువులు ఒకసారి సరిచూసి, ఒక్కో బండి ముందు ఒక్కోటి పెట్టడం నా వంతు. మూడేళ్ళ కిందటి పూజకు నా పాత తెల్ల కారును కూడా ఆ వరస చివర నిలిపాను. దానికి పూలదండ వేశాను, గుమ్మడికాయ కొట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. దానికి ఫైలు లేదు, ఎప్పుడూ పెట్టలేదు. గోడ మీది గడువుల పట్టీలో దాని నంబరూ లేదు. ఇన్సూరెన్స్ అయిపోయి అప్పటికి రెండు వారాలు.

మరుసటి రోజు ఉదయం బండ్రి వైపు వెళ్తున్నాను. ముందు పోతున్న లారీ లేపిన దుమ్ములో ఏమీ కనిపించలేదు. ఆగి ఉండాల్సింది. ఆగకుండా పక్కకు తిప్పాను. రోడ్డు అంచున గడ్డిమోపుతో నడుస్తున్న ఒకామెను కారు కొట్టింది. ఆమెను అదే కారులో ఆస్పత్రికి చేర్చాను. పేరు హనుమక్క. కూలి పని చేసుకునే మనిషి. తొడ ఎముక విరిగింది. కారు కాగితాలు తీసి చూసినప్పుడు గానీ గడువు సంగతి నాకు తెలియలేదు. ఆమెకు ఇవ్వాల్సిన పరిహారమంతా ఇక నా నెత్తినే పడుతుంది. నాకున్నది నేనూ నా భార్యా కూడబెట్టి కొన్న ఇంటి జాగా ఒక్కటే.

మా యజమాని రెడ్డి మంచి మనిషి. నా మొహం చూసి ఆయనే దారి చెప్పాడు. "దీనికి ఇంత దిగులేంది? మన రెండో నంబరు బండికి ఇన్సూరెన్స్ ఉండాది. ఆ బండే తగిలిందని, నడిపింది ఓబులేసని రాయిద్దాం. ఈ పక్క అందరూ చేసేదే."

ఓబులేసన్న అక్కడే నిలబడి ఉన్నాడు. వద్దంటాడనుకున్నాను. జేబులోంచి లైసెన్స్ తీసి నా బల్ల మీద పెట్టాడు. "తీసుకో. కానీ ఆయమ్మ కూడా టిప్పరే తగిలిందని చెప్పాల కదా. ఆ మాట ఆమెకు నువ్వే నేర్పించు. పా, నేనూ వస్తా."

ఆస్పత్రిలో హనుమక్క కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నన్ను చూసి లేవబోయి మూలిగింది. "నువ్వేనా? కండ్లు యాడ పెట్టుకోని తోల్తివప్పా?"

"తప్పైంది అక్కా."

"తప్పే. మళ్ళా నువ్వే ఎత్తుకొస్తివి. నీళ్ళు కూడా తాపిస్తివి. లేకుంటే ఆ దుమ్ములోనే పోతాంటి." దుప్పటి సర్దుకుంటూ అంది, "పోలీసోళ్ళు వస్తారంట. నాకేం భయం? ఏం జరిగిందో అదే చెప్తా."

నేర్పించాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. వరండాలోకి వచ్చి కూలబడ్డాను. ఓబులేసన్న పక్కన కూర్చున్నాడు. నాకు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాడు.

"పాత సావుకారు దగ్గర పని చేస్తాంటినే, అప్పుడు ఆయన అల్లుడు మోక ఊరి దగ్గర ఒక పెద్దాయన్ని బండితో గుద్దినాడు. నా పేరు రాసిరి. జైలుకు పోయొచ్చినా. జైలేం కష్టం కాదప్పా. ఆ పెద్దాయన కొడుకులు నేను ఆ ఊర్లో బస్సు దిగితే రోడ్డుకు ఆ పక్కకు పోతారు. నేను కాదని ఎట్ల చెప్పాల? నా సంతకం ఉండాది కదా."

"మరి ఇప్పుడెందుకు మళ్ళీ లైసెన్స్ ఇస్తున్నావన్నా?"

"నీకు పిల్లలుండారు. నాకు అలవాటైంది."

ఆ చివరి మాట విన్నాక నాకు వేరే దారి లేకపోయింది. నాకిచ్చిన లైసెన్స్ ఆయన జేబులో పెట్టేసి, స్టేషన్‌కు వెళ్ళి నా కారే, నేనే నడిపానని రాసిచ్చాను. అక్కడి ముసలి కానిస్టేబుల్ నన్ను ఎగాదిగా చూశాడు. "ముప్పై బండ్ల కాగితాలు చూసేటోడివి, నీ బండికే లేదా సామీ?" అని నవ్వాడు. ఓబులేసన్న కూడా నవ్వాడు. అంతకుముందుగానీ తర్వాతగానీ ఆయన అంత తేలిగ్గా నవ్వడం నేను చూడలేదు.

ఆమె వైద్యానికీ, తర్వాత పరిహారానికీ జాగా పోయింది. నేను రాసిచ్చానని తెలిసి నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే హనుమక్కకు జొన్నరొట్టెలు కట్టిచ్చింది. కేసు బళ్ళారి కోర్టులో ఏడాది పైన నడిచింది. ప్రతి వాయిదాకూ ఓబులేసన్న డ్యూటీ మార్చుకుని నాతో బస్సులో వచ్చేవాడు. ముగ్గురికి సరిపడా మండక్కి ఒగ్గరణె, అంటే తాలింపు వేసిన బొరుగులు, తెచ్చేవాడు. కోర్టు వరండాలో ఊతకర్ర పక్కన పెట్టుకుని హనుమక్క, ఆమె పక్కన మేమిద్దరం ఒకే పొట్లంలోంచి తినేవాళ్ళం. ఒకసారి ఆమె వకీలు చూసి నిలబడిపోయాడు.

"ఏమ్మా, ఈయన మీద కేసేసి ఈయన పక్కనే కూర్చోని తింటావా?"

"ఆకలేస్తాంది సార్. కేసు మధ్యాన్నం కదా!"

ఓబులేసన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. చివరి రోజుల్లో నేను వెళ్ళి కూర్చుంటే హనుమక్క నడుస్తోందా అని అడిగేవాడు. నడుస్తోందంటే కళ్ళు మూసుకునేవాడు. ఆయన నాకు నీతులేమీ చెప్పలేదు. నా బదులు మునిగిపోవడానికి సిద్ధపడి, ఆ మునక ఎలా ఉంటుందో మాత్రం దాచకుండా చెప్పాడు. ఎంచుకోవడం నాకే వదిలాడు.

పోయిన వారం కూరెకుప్ప సంతలో ఎవరో గట్టిగా కేక వేశారు.

"ఏయ్ కారాయనా! ఈ తూరి ఇన్సూరెన్స్ కట్టినావా?"

హనుమక్క. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు, కొందరు నవ్వారు.

"కట్టినానక్కా."

"యాడ, చూపీ."

ఫోన్ తీసి చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని పైనుంచి కిందికి చూసింది. "ఊఁ, సరిగ్గుండాది" అని ఫోన్ తిరిగిచ్చి, దాంతో పాటు తన కూరగాయల సంచీ నా చేతికిచ్చింది. "బస్సు దాకా మొయ్యి. కాలు నొస్తాంది."

ఆమె కొద్దిగా కుంటుతూ జనంలో దారి చేసుకుంటూ ముందు నడిచింది. ఆ నడకకు తగినంత నెమ్మదిగా, సంచీ పట్టుకుని నేను వెనక నడిచాను.