అక్క వాసన చూసిన ఫ్రెంచి సీసా

కామారెడ్డిలో 'వైన్స్' అని బోర్డున్న దుకాణాలకు కొదవ లేదు గానీ, వాటిలో వైన్ దొరకడం మాత్రం అరుదు. గట్టిగా అడిగితే ఏ మూలనుంచో బెల్లం పానకంలాంటి తియ్యటి సీసా ఒకటి తీసి ఇస్తారు. అందుకే హైవే వైపు కొత్తగా తెరిచిన దుకాణంలో, పై అరలో, ఫ్రెంచి ఎర్ర వైన్ సీసా కనపడేసరికి రోడ్డు మీదే ఆగిపోయాను.

"అన్నా, గా పైనున్న సీసా ఇటియ్యి," అన్నాను.

దుకాణదారు స్టూలెక్కి దాన్ని దించి, దుమ్ము తుడిచాడు. "గిది ఎవ్వలు కొంటలేరన్నా. ఉత్త పులుపంట. బీరు సల్లగున్నది, తీస్కోరాదు?"

"గిదే కావాలె."

"ఏదన్న ఫంక్షనా?"

"ఔ," అన్నాను. ఒక్కడినే తాగడానికని చెప్పడానికి నోరు రాలేదు.

దక్షిణ ఫ్రాన్సుది. గ్రనాష్, సిరా అనే రెండు రకాల ద్రాక్షలు కలిపి చేసింది. కార్కు లేదు, తిప్పి తీసే మూత. పేరు మోసిన తోటది కాదు. అక్కడి వాళ్లు మామూలు రోజు భోజనంలోకి తెచ్చుకునే రకం. ఇలాంటివి నాకు బాగా తెలుసు. చాలా ఏళ్లు బహ్రెయిన్‌లో ఒక హోటల్ రెస్టారెంటులో వడ్డించే పని చేశాను. మా పైన ఒక గోవా పెద్దాయన ఉండేవాడు. రోజూ సాయంత్రం తలుపులు తెరవకముందు మమ్మల్ని నిలబెట్టి గ్లాసులో గుక్కెడు పోసి, ఏముందో చెప్పమనేవాడు. ఖరీదైన సీసాను ఎవడైనా మెచ్చుకుంటాడు, చవక సీసాలో మంచీ చెడూ విడదీసి చెప్పు చూద్దాం అనేవాడు. మొదట్లో నాకు అన్నీ ఒకేలా ఉండేవి. తర్వాత్తర్వాత, గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే నేరేడు, మిరియం, ఎండిన ఆకు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడేవి. నా బతుకులో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

కరోనా వచ్చిన ఏడాది హోటల్ మూసేశారు. పనివాళ్లం ఉండే క్యాంపు గదిలో నాకు జ్వరం వచ్చి తగ్గింది. ఒకరోజు పక్క మంచం అతను చేపలు మాడ్చేస్తే గదిలో అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు. వాళ్లెందుకు అలా చేస్తున్నారో నాకు అర్థం కాలేదు. బాత్రూంలోకి వెళ్లి సబ్బు ముక్కుకు ఆనించుకుని చూశాను. ఏమీ లేదు.

ఊరికి తిరిగి వచ్చాక ముక్కు డాక్టరుకు చూపించుకున్నాను. రావచ్చు, రాకపోవచ్చు, లవంగం, నిమ్మతొక్క రోజూ వాసన చూస్తూ ఉండమన్నాడు. నేనొక్కడినే ఉండే గదిలో పొద్దున్నే లవంగం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ని. కొన్నాళ్లకు నామీద నాకే జాలేసి మానేశాను. పెళ్లయిన కొత్తలోనే నేనూ నా భార్యా విడిపోయాం, పిల్లలు లేరు. ఇప్పుడు కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో భోజనాల దగ్గర అజమాయిషీ నాది. పప్పు పులిసిందో లేదో వంటవాడి మొహం చూసి తెలుసుకోవాలి. ఈ సంగతి బయటపడితే పని ఉండదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. కాలు విరిగితే కట్టు కనపడుతుంది, నలుగురూ వచ్చి పలకరిస్తారు. ఇది ఎవరికి కనపడుతుంది?

అయినా సీసా కొన్నాను. ముహూర్తాలు లేని ఒక ఆదివారం మధ్యాహ్నం గది ఊడ్చి, బల్ల మీద తెల్ల లుంగీ పరిచాను. మన ఎండలకు ఎర్ర వైన్ ఉడికిపోతుంది కాబట్టి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీశాను. బహ్రెయిన్ నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న కాడ గ్లాసు ఒకటుంది. అందులో మూడో వంతు పోసి, లుంగీ మీదికి వంచి చూశాను. నడుమ నేరేడు రంగు, అంచున ఎరుపు. గోధుమ రంగు ఇంకా రాలేదు, అంటే లేత వైనే. గ్లాసు తిప్పితే గోడల మీదినుంచి చుక్కలు నింపాదిగా జారాయి. అంటే ఆల్కహాలు బాగానే ఉందన్నమాట. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. గోడకు ముక్కు ఆనించినట్టుంది.

నోట్లో పోసుకున్నాను. నాలుక పనిచేస్తుంది. తీపి లేదు. దవడల పక్కన నీరూరింది, పులుపు చక్కగా ఉంది. ఆ తర్వాత చిగుళ్ల మీద వగరు. వగరుకు ముక్కుతో పని లేదు, అది తాకితే తెలిసేది. లేత జామకాయ కొరికితే పళ్లు పట్టేసినట్టు ఉంటుందే, అంతే, అంతకంటే మొరటుగా లేదు. గొంతులో వేడి మాత్రం ఒకింత ఎక్కువ. పులుపూ వగరూ ఒకదాన్ని ఒకటి తొక్కేయకుండా సర్దుకున్నాయి. ఆ ధరకు అది చిన్న విషయం కాదు. కానీ పండు? మిరియం? ఆ చోట ఖాళీ. గుక్క తర్వాత గుక్క వెతికాను.

"ఈ వైన్..." అని పైకే మొదలుపెట్టాను, బల్ల దగ్గర అతిథులు కూర్చున్నట్టు. ఎదురుగా గోడ. ఆ మాట అక్కడే ఆగిపోయింది. మూత బిగించి సీసా ఫ్రిజ్‌లో పెట్టేశాను.

మర్నాడు దాన్ని తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. మా అక్క అక్కడే ఉంటుంది. తాడ్వాయి దాటేదాకా నాకే తెలియదు, ఈ సీసా తీసుకుని ఎందుకు పోతున్నానో. మూత తీసిన వైన్ రెండు మూడు రోజులకు మించి నిలవదు, ఎవరో ఒకరు దాన్ని వాసన చూడాలి, అంతే అనిపించింది.

అక్క గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. బావ పొలానికి వెళ్లాడు. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. సంచిలోంచి సీసా, గ్లాసు తీసేసరికి కత్తెర కింద పెట్టేసింది.

"ఏంరా, గిదేంది? మందా?"

"మందు కాదక్కా. ద్రాక్షపండ్ల రసం పులియబెట్టింది."

"గదే మందంటే. పట్టపగలు నా ఇంట్ల తాగుతానికి గింత దూరం వచ్చినవా?"

"తాగుతానికి రాలే. నిన్ను తాగుమంటలేను. జర వాసన జూసి చెప్పు."

"వాసన జూసుడేంది? నీకు ముక్కు లేదా?"

"పనిచేస్తలేదక్కా," అన్నాను. "జ్వరం వచ్చినప్పటి సంది ఏ వాసనా వస్తలేదు."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. తమాషా చేస్తున్నాననుకుంది. తర్వాత చాటలోంచి పిడికెడు తంబాకు తీసి నా మూతి దగ్గర పెట్టింది. చిన్నప్పుడు ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగేవి కావు. ఊపిరి పీల్చాను. తుమ్ము రాలేదు. ఆమె చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మరి మొన్న పండుగకు నేను చేసిన బోటికూర మస్తుగున్నదంటివి?"

"ఉప్పు, కారం తెలుస్తయక్కా."

"అంటే ఏం తిన్నవో తెల్వకనే తిన్నవ్." పిడికిట్లోని తంబాకు చాటలో పడేసింది. "గిన్నేండ్ల సంది ఒక్కనివే మనసుల పెట్టుకున్నవా? నాకు చెప్తే నేనేమన్న పరాయిదాన్నా?"

అక్క చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి, గ్లాసు ఇమ్మంది. ఎలా పట్టుకోవాలో చూపించాను. మొదటిసారి మొహం అటు తిప్పేసుకుంది.

"దగ్గుమందు లెక్కున్నది."

"ఇంకొక్కపారి జూడు. నిమ్మలంగ."

"పులిసింది. శింతపండు నానబెట్టి మరిచిపోయినట్టు." నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా కోసం ఇష్టం లేని పనిని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తోంది. మూడోసారి కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"బాపు అంగి," అంది.

"ఏంది?"

"బాపు శెరుకు కొట్టొచ్చినంక ఇడిసి దండెం మీద ఏస్తుండె గద, గా అంగి. చెమట, బెల్లం, ఎండిన మన్ను కలిసి గిట్లనే కొడుతుండె." గ్లాసు ఇంకా ముక్కు దగ్గరే ఉంది. "నీకు యాదికున్నదారా?"

"అంగి యాదికున్నది," అన్నాను.

నిజమే. దాని నీలం చారలు, చినిగిన జేబు, దండెం మీద ఒక చెయ్యి కిందికి వేలాడటం, అన్నీ గుర్తున్నాయి. చిన్నప్పుడు ఆ అంగిలో మొహం దాచుకునేవాణ్నని కూడా గుర్తుంది. కానీ దాని వాసన కోసం ఎంత తవ్వుకున్నా ఏమీ పైకి రాలేదు. మా నాన్న పోయి ఎంతో కాలమైంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కూర్చుని, నేను ఆమెను చూస్తూ ఉండిపోయాను. నా చేత్తో తెచ్చిన సీసాలోంచే బాపు ఆమె దగ్గరికి వచ్చి పోయాడు. నా వైపు రాలేదు.

ఆ పూట అక్క కోడికూర వండింది. వండుతున్నంతసేపూ పొయ్యి దగ్గరినుంచి చెబుతూనే ఉంది. "ఎల్లిపాయ ఏగుతున్నది... గిప్పుడు గసాలు ఏసిన, కమ్మగ లేచింది." నేను తలాడిస్తూ కూర్చున్నాను. జొన్నరొట్టె, కూరతో పాటు ఒక గ్లాసు వైన్ తాగాను, ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. అప్పుడు తెలిసింది, అది తిండితో తాగాల్సిన వైన్. నూనె జిడ్డును పులుపు కోసేసింది, కారం తగిలేసరికి గొంతులోని వేడి విడిగా తెలియలేదు. ఉత్తగా తాగితే సగటు, కూరతో అయితే మంచిది. గోవా పెద్దాయన అడిగితే అదే చెప్పేవాణ్ని.

మిగిలింది అక్క పెరట్లో పారబోసింది. సీసా మాత్రం కడిగి బోర్లించింది. "గట్టిగున్నది, పల్లినూనె పోస్కుంట," అంది. బస్సు దాకా వచ్చి, "ఇగ నుంచి ఏదైనా దాస్తే జూడు," అని వేలు చూపించింది.

కొన్నాళ్లు సాయంత్రాలు ఫోన్ చేసేది. ఏం వండిందో, ఎలా వాసన వస్తోందో చెప్పేది. తర్వాత పనుల్లో పడి అది తగ్గింది. తప్పు ఆమెది కాదు, చెప్పేవాళ్లకైనా ఎన్నాళ్లు ఓపిక ఉంటుంది.

ఈ మధ్య ఒక పెళ్లి రోజు పొద్దున, వంటపాకలో గిన్నెలు దించుతుండగా ఉన్నట్టుండి నా ముక్కుకు ఏదో తగిలింది. పెద్దదేమీ కాదు, ఒక సన్నని పోగు. తియ్యగా ఉందో, మాడుగా ఉందో, పేరు పెట్టేలోపే పోయింది. పక్కనున్న వంటమనిషి చెయ్యి పట్టుకున్నాను.

"గిప్పుడు వాసన వచ్చింది గద? ఏం వాసనది?"

అతను గాలి పీల్చి, అటూ ఇటూ చూశాడు. "ఏం వాసన సార్? ఏం లేదు."

అతను తన పనిలోకి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడి మళ్లీ మళ్లీ ఊపిరి పీల్చాను. బయట భజంత్రీలు మొదలయ్యాయి. మొదటి బంతి వేయాలని ఎవరో పిలుస్తుంటే విస్తళ్ల కట్ట ఎత్తుకుని హాల్లోకి నడిచాను.