కార్డుకి ఒక్కరే

ఆమెను తోటి ఉద్యోగులంతా ఒక్కరక్క అంటారు. విమానాశ్రయం మేడ మీద ఒక విమాన సంస్థ తన విమానాల్లో తరచూ ప్రయాణించేవాళ్ళ కోసం లాంజ్ నడుపుతోంది. మెత్తని కుర్చీలు, వేడి సూపు, కావలసినంత కాఫీ, కింద హాలులోని రొద చెవిన పడని చల్లని గది. ఆ గుమ్మం దగ్గర బల్ల వెనక కూర్చుని, కార్డులు చూసి మనుషుల్ని లోపలికి పంపడం ఆమె పని. రోజంతా ఆమె నోట్లో నానే మాట "అతిథి ఒక్కరేనండీ" అన్నది. లోపల సూపు కాచే వంటాయన ఒకరోజు సరదాకి "ఒక్కరక్కా, కాఫీ తాగుతావా?" అన్నాడు. అంతే, అసలు పేరు జీతం చీటీకే పరిమితమైపోయింది.

అంతకు ముందు ఆమె పోయిన సామాన్ల గదిలో పనిచేసేది. గొడుగులు, కళ్ళజోళ్ళు, కట్టుడుపళ్ళు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి దొరికినవి అప్పగించి, దొరకనివాళ్ళకి నాలుగు మంచిమాటలు చెప్పి పంపేది. మనుషుల చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపడం అలవాటైన మనిషికి, ఇక్కడికి వచ్చాక కాదనడం నేర్చుకోవలసి వచ్చింది. మొదట్లో ఒకరోజు ఇంటికి వెళ్ళి భర్త ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన అదే విమానాశ్రయంలో సామాను బళ్ళు లాగే ట్రాక్టరు నడుపుతాడు.

"ఆ రూలు నువ్వు పెట్టావా?" అన్నాడాయన.

"లేదండీ."

"మరి ఏడుపు నీకెందుకు? రూలు పెట్టినవాణ్ణి ఏడవనీ."

ఆ మాటకి నవ్వొచ్చింది. నవ్వాక కొంచెం ధైర్యం వచ్చింది. నిజానికి రూలు చిన్నదే. కార్డున్న మనిషి తనతో ఒక్కరిని తీసుకురావచ్చు. ఆ ఒక్కరు కూడా అదే రోజు, అదే సంస్థ విమానం ఎక్కేవారై ఉండాలి. ఇద్దరూ కలిసి రావాలి, కలిసి వెళ్ళాలి. కార్డున్నవాళ్ళు బయటికి నడిస్తే వాళ్ళ అతిథి కూడా లేవాల్సిందే. చెప్పడానికి ఇంతే. కాని ఆ చిన్న రూలు ముందు మనుషులు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఒకాయన తన కంపెనీ యజమానిని లోపల కూర్చోబెట్టి తను తలుపు బయట నిలబడతానన్నాడు. ఒకావిడ తన కవల పిల్లలిద్దరినీ చూపించి, పుట్టేదాకా ఒక్కరే అనుకున్నాం, మీరూ అలాగే అనుకోండి అంది. కొందరు పెద్ద పెద్ద వాళ్ళ పేర్లు చెప్పి బెదిరించేవారు. ఒక్కరక్క అందరి మాటా పూర్తిగా వినేది. విన్నాక, ఎంతో బాధ పడుతున్నట్టు, నిజంగానే పడుతూ, "అతిథి ఒక్కరేనండీ" అనేది. తిట్టడానికి నోరు తెరిచినవాళ్ళు కూడా ఆ గొంతు విని సగంలో ఆగిపోయేవారు.

ఇంట్లో మాత్రం ఆమెకి లెక్కే లేదు. కూతురు బడినుంచి ఎంతమందిని వెంటేసుకొచ్చినా, "రండర్రా, కాళ్ళు తుడుచుకుని రండి" అనేది.

ఆ రోజు మధ్యాహ్నం వాన కుండపోతగా కురిసింది. ఒక్కో విమానమూ ఆలస్యమవుతూ, కింద హాలు కిటకిటలాడుతోంది. కుర్చీలు దొరకనివాళ్ళు పెట్టెల మీదా, నేల మీదా కూలబడ్డారు. ఆ సమయంలో ముగ్గురు గుమ్మం దగ్గరికి వచ్చారు. ముందు కార్డు పట్టుకున్న అల్లుడు, వెనక నెలలు నిండుతున్న భార్య, ఆమె చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో అడుగులో అడుగు వేస్తూ అత్తగారు.

చూడగానే విషయం అర్థమై ఒక్కరక్క మనసు ఉసూరుమంది. చెప్పాల్సిన మాట చెప్పింది.

"సరే అయితే," అన్నాడు అల్లుడు వెంటనే. "వీళ్ళిద్దరూ లోపలికి వెళ్తారు. నేను కింద ఉంటాను."

"కార్డు మీది కదండీ. మీరు లేకుండా అతిథి ఉండకూడదు."

"అంటే నేను తప్పకుండా హాయిగా కూర్చోవాలన్నమాట."

"అవునండీ," అంది ఒక్కరక్క. ఆమెకే ఆ మాట సిగ్గుగా అనిపించింది.

"అమ్మా, నువ్వు వెళ్ళు. ఆ మోకాళ్ళతో కింద ఎక్కడ కూర్చుంటావు?" అంది కూతురు.

"కడుపుతో ఉన్నదాన్ని నిలబెట్టి నేను సోఫాలో కూర్చుంటానా? నువ్వే వెళ్ళు."

"అత్తయ్యా, మీరు వెళ్ళండి," అన్నాడు అల్లుడు.

"అవును, ఆవిణ్ణే పంపండి. నేనెలా పోతే మీకేం," అంది భార్య.

"అయితే నువ్వు వెళ్ళు."

"మా అమ్మంటే మీకు ఎప్పుడూ అలుసే."

అల్లుడు పైకప్పు వైపు చూశాడు. అత్తగారికి నవ్వాగలేదు. "పాపం, ఆయన్ని వదిలెయ్యవే," అంది కూతురితో.

సరిగ్గా అప్పుడే వాళ్ళ వెనక లిఫ్టులాయన వచ్చి నిలబడ్డాడు. వారం వారం ఊళ్ళు తిరిగి లిఫ్టులు పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి వస్తున్నాడు. ఎప్పుడూ ఒక్కడే. కార్డు చూపిస్తాడు, తలూపుతాడు, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకుంటాడు, వెళ్ళిపోతాడు. ఒక్కరక్కకి ఆయన గురించి అంతకుమించి ఏమీ తెలియదు.

ఆయన కార్డు చేతిలోకి తీసుకుని ఆమె ఒక్క క్షణం ఆగింది.

"మీతో ఇవాళ అతిథి ఎవరైనా ఉన్నారాండీ?"

"నాతో ఎవరుంటారు?" అన్నాడాయన ఆశ్చర్యంగా. తర్వాత ఆమె చూపు వెంట తన చూపు పోనిచ్చి, పెద్దావిడ వాచిన కాళ్ళు చూశాడు. "ఈ పెద్దమ్మగారు ఏ విమానమో?"

ఆవిడది కూడా అదే సంస్థ విమానం. ఊరు మాత్రం వేరు. "అయితే ఈవిడ నా అతిథి," అన్నాడు లిఫ్టులాయన, మాట బయటికొచ్చాక తనే కంగారుపడుతూ.

"ముక్కూ మొహం తెలియని దాన్ని, నాయనా," అంది ఆవిడ.

"లోపల తెలుసుకుందురుగాని రండి."

అల్లుడు తన కార్డు మీద భార్యని అతిథిగా తీసుకుని వాళ్ళ వెనకే వెళ్ళాడు. ఏళ్ళ తరబడి ఒక్కరక్కకి తెలియనివన్నీ ఆవిడ సూపు చల్లారేలోపే రాబట్టింది. తల్లి పోయి చాలాకాలమైందనీ, పెళ్ళి చేసుకోలేదనీ, ఊపిరాడదనే భయంతో తను ఉండే భవనంలో మాత్రం మెట్లే ఎక్కుతాడనీ. చివరిది విని ఆవిడ పడీపడీ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పత్రిక మడత విప్పనేలేదు. బల్ల దగ్గరినుంచి ఒక్కరక్కకి ఆ నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

వాన తగ్గింది. మొదట పిలిచింది లిఫ్టులాయన విమానాన్నే.

ఆయన లేస్తే ఆవిడా లేవాలి. కూతురి విమానానికి ఇంకా సమయముంది. చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు. అడిగేవాళ్ళెవరూ లేరు. కాని ఇందాకే ఇంకో కుటుంబాన్ని ఇదే రూలు చెప్పి వెనక్కి పంపింది. ఒక్కరక్క లేచి వాళ్ళ కుర్చీల దగ్గరికి వెళ్ళింది.

"లేవాలా అమ్మా?" అంది పెద్దావిడే.

"రూలు అలా ఉందండీ. కాని..."

"కానీ లేదు గీనీ లేదు. ఎవరితో వచ్చానో వాళ్ళతోనే వెళ్తాను. పైగా ఈ అబ్బాయిని సాగనంపేవాళ్ళెవరున్నారు?"

అల్లుడు ఏదో అనబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

బల్ల దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి, ఒక్కరక్క చక్రాల కుర్చీ తెచ్చి తనే తోసుకుంటూ బయల్దేరింది. లిఫ్టులాయన ఆవిడ సంచీ పట్టుకుని పక్కన నడిచాడు. గేటు దగ్గర ఆవిడ ఆయన కాలరు సర్ది, "దిగగానే ఫోన్ చెయ్యి. లేకపోతే నాకు నిద్ర పట్టదు," అంది. ఆయన అలాగేనన్నాడు. వరసలో ముందుకు వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండోసారి చెయ్యి ఊపడం ఎలాగో మరిచిపోయినవాడిలా చెయ్యి సగం ఎత్తి దించేశాడు. ఒక్కరక్క అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత సూపర్‌వైజరు ఆమెను పిలిచాడు.

"తెలియని వాళ్ళని అతిథులుగా పంపిస్తున్నారట."

"తెలిసుండాలని రూల్లో లేదండీ."

ఆయన రూలు మొదటినుంచి చివరిదాకా చదివాడు. లేదు. "ఏదైనా మీరు ఇలా జతలు కలపొద్దు," అన్నాడు, ముఖం గంభీరంగా పెట్టడానికి నానా తంటాలు పడుతూ. ఆమె సరేనంది. అన్నమాట ప్రకారం మళ్ళీ ఎవరినీ అడగలేదు.

లిఫ్టులాయన మాత్రం మారిపోయాడు. దిగగానే ఫోన్ చేశాడట. ఆవిడ ఏం తిన్నావని అడిగిందట. మనవరాలు పుట్టినప్పుడు అల్లుడికంటే ముందు ఆయనకే కబురందిందట. ఇవన్నీ ఇప్పుడు బల్ల దగ్గర నిలబడి తనే చెబుతాడు. పైగా వచ్చేటప్పుడు కింద హాలంతా ఒకసారి కలయతిరిగి, తమ సంస్థ విమానం ఎక్కబోయే అలసిన మనిషిని ఎవరినో ఒకరిని వెంటబెట్టుకొస్తాడు. ఒకసారి చంటిబిడ్డ తల్లి, ఒకసారి కాలికి కట్టుతో ఆటగాడు.

అన్నిసార్లూ జత కుదరదు. మొన్న తెచ్చినాయన పరుపులు అమ్మే మనిషి. లోపల కూర్చున్నంతసేపూ లిఫ్టులాయనకి నడుంనొప్పి గురించి ఉపన్యాసమిచ్చి, పరుపు అంటగట్టాడు.

వెళ్ళేటప్పుడు లిఫ్టులాయన బల్ల మీదికి వంగి, "వచ్చేసారికి మీరే చూసి చెప్పండి. నాకు మనుషుల్ని ఎంచడం రావట్లేదు," అన్నాడు గుసగుసగా.

"నేను చెప్పకూడదండీ. సూపర్‌వైజరుగారి ఆజ్ఞ," అంది ఒక్కరక్క. "ఇంతకీ పరుపు మెత్తనిదేనా?"

"రెండు కొన్నాను. ఒకటి పెద్దమ్మకి," అని ఆయన గేటు వైపు నడిచాడు. వెనకాలే, రూలు ప్రకారం, పరుపులాయన కూడా.