జాబితాలో తొమ్మిదో పేరు

ఇతరుల వ్యవహారాల్లో వేలు పెట్టే మనిషిని కాను నేను. ఈ మాట నా గురించి నేనే చెప్పుకుంటూ ఒక జీవితకాలం గడిపేశాను. సౌదీలో ఒక్కసారి మాత్రం వేలు పెట్టాను. పెట్టినందుకు ఇప్పటికీ బాధ లేదు. ఆ తర్వాత చేసిన పని గురించే ఇది రాస్తున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన ఏడాది నేను రియాద్‌లో, మలాజ్ వైపు, ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఉండేవాణ్ణి. కుళాయిలు, ఏసీలు, తలుపుల గొళ్లేలు మా పని. ఆ ఆగస్టులోనే మా నలుగురిని తాయిఫ్ పంపించారు. అక్కడ ఐదంతస్తుల అద్దె బిల్డింగు ఒకదాన్ని ప్రభుత్వం తీసుకుని, పారిపోయి వచ్చిన కువైటీ కుటుంబాలకు ఇచ్చింది. గల్ఫ్ దేశాలన్నీ ఒక కూటమి కాబట్టి వాళ్లకు వీసా అక్కర్లేదు. కార్లలో సామాను కుక్కుకుని సరిహద్దు దాటి వచ్చేశారు, ఆ గందరగోళంలో కారులో ఎవరెవరున్నారని అడిగినవాళ్లు లేరు. రాగానే గది, పరుపులు, మూడు పూటలా తిండి, ఆస్పత్రిలో ఉచిత వైద్యం. మేము రియాద్ నుంచి తాయిఫ్ రావాలంటే మాత్రం, మా ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్లు, చేతిలో పెట్టుకున్న యజమాని, అదే కఫీల్, రాసిచ్చిన కాగితం జేబులో ఉండాలి. ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూసి కుళ్లుకోవడం తప్పే. అయినా కుళ్లుకున్నాను.

చిన్నప్పుడు మా కరీంనగర్ జిల్లాలో మూడేళ్లు ఉర్దూ బడికి పోయాను. లిపి ఇంచుమించు అదే కాబట్టి అరబ్బీ పేర్లు చదవగలను, చూసి రాయగలను. బిల్డింగు చూసుకునే ముదీర్ ఈ సంగతి పసిగట్టాడు. ఆయన సౌదీవాడు, మంచివాడే, కాకపోతే కుర్చీలోంచి లేవడమంటే ప్రాణసంకటం. ఏ గదిలో ఎవరెవరు ఉన్నారో జాబితా రాసే పని నాకు అంటగట్టి, తను టీ తాగుతూ సంతకాలు పెట్టేవాడు. భోజనం పళ్లేలు, దుప్పట్లు ఆ జాబితాలోని తలలను బట్టే వచ్చేవి.

మూడో అంతస్తులో ఒక కుటుంబం దిగింది. భర్త, భార్య, ముసలి అత్తగారు, ఐదుగురు పిల్లలు. మొత్తం ఎనిమిది మంది. తొమ్మిదో మనిషి వాళ్ల ఇంట్లో పనిచేసే మన తెలుగావిడ, కడప జిల్లా. ముప్పై ఏళ్లుంటాయేమో. నేను కుళాయి బాగుచేస్తూ నాలో నేను గొణుక్కుంటుంటే విని, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, తెలుగాయనవా నువ్వు? తెలుగు మాట చెవిన పడి ఎన్ని దినాలాయనో!"

ఆమె పాస్‌పోర్టు కువైట్‌లో ఆ ఇంటాయన ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. తమవి తీసుకున్నారు, ఆమెది గుర్తురాలేదు. బాంబుల మధ్య పారిపోయేవాళ్లను దానికి తప్పుపట్టలేం గానీ, గుర్తురాకపోవడానికి కూడా ఒక వరుస ఉంటుంది, అందులో పనిమనిషి చివర.

చిక్కల్లా జాబితాతో వచ్చింది. రూలు ప్రకారం తిండీ గదీ కువైట్ పౌరులకూ వాళ్ల కుటుంబాలకే. పనిమనుషుల సంగతి యజమానులే చూసుకోవాలి. ఎనిమిది పళ్లేలు వచ్చేవి. ఇంటావిడ చెడ్డదేం కాదు, మిగిలింది పెట్టేది. కొన్నాళ్లకు పిల్లలకు ఆకలి పెరిగి మిగలడం మానేసింది. పైగా తాయిఫ్ కొండ ఊరు, చలి ముందే దిగుతుంది. ఆమె వంటగది గచ్చు మీద బట్టల మూట తల కింద పెట్టుకుని పడుకునేది.

నెల మారగానే జాబితా కొత్తగా రాయాలి. రాస్తూ రాస్తూ ఐదుగురు పిల్లల కింద ఆరో బిడ్డను చేర్చాను. ఆమె సొంత పేరు రాస్తే ఇండియా మనిషని ఇట్టే తెలిసిపోతుంది. కువైట్ ఇళ్లలో మన పేర్లు నోరు తిరగక ఏదో ఒక అరబ్బీ పేరు పెట్టి పిలుస్తారు. ఆ పేరు రాసి, పక్కన 'కూతురు' అని రాశాను. ముదీర్ చూడకుండానే సంతకం పెట్టాడు. మర్నాడు తొమ్మిది పళ్లేలు, ఒక కొత్త దుప్పటి వచ్చాయి. నేను ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను. ఆమెతో మాత్రం ఏం చేశానో చెప్పలేదు. పెద్దమనిషితో మాట్లాడి ఇప్పించానన్నాను.

"నీ కడుపు సల్లగుండ" అంది. ఆ మాట కూడా హాయిగా పుచ్చుకున్నాను.

యుద్ధం జరిగింది, ముగిసింది. రియాద్‌లో సైరన్లు మోగుతుంటే మేము తాయిఫ్‌లో రేడియో వింటూ కూర్చున్నాం. తర్వాత కువైటీలు ఒక్కొక్కరే బయలుదేరారు. సరిహద్దులో వాళ్లకు అడ్డేముంది, సొంత దేశం. ఆమెకు మాత్రం కాగితం లేదు, కువైట్‌లో ఉన్న పర్మిట్ గడువు దాటిపోయింది. వీసా పంపిస్తామని ఇంటావిడ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. వీసా మాత్రం రాలేదు. బిల్డింగులో బట్టలుతికే ఆడవాళ్లతో కలిసి ఆమె అక్కడే ఉండిపోయింది.

ఇక ఆమెకు కువైట్ వద్దు, ఇంటికి పోతే చాలు. మూడేళ్ల కూతుర్ని అక్క దగ్గర వదిలి వచ్చింది. అక్క రాయించిన ఉత్తరం నా చేతే చదివించుకుంది. పిల్లకు ముందు పళ్లు ఊడాయని, ఊడిన పన్ను అమ్మకు చూపించాలని దాచిందని రాశారు. చదవడం అయ్యాక కాగితం నా చేతిలోంచి లాక్కుని, అక్షరం రాకపోయినా, ఆ వాక్యం ఎక్కడుందో చూపించమంది. చూపించాను.

ఎండలు ముదిరాక, కువైట్ నుంచి వచ్చి చిక్కుకుపోయిన మనవాళ్లను ఇంటికి పంపే పని మీద జెడ్డా నుంచి ఇండియా ఆఫీసరు ఒకాయన వచ్చాడు. పాస్‌పోర్టు లేకపోయినా ఫరవాలేదు, ఫలానా కుటుంబంతో వచ్చిందని ఇక్కడి జాబితాలో ఉంటే చాలు, ప్రయాణం కాగితం ఇస్తాం, సౌదీవాళ్లు బయటికి పోనిస్తారు అన్నాడు. ఆమె ముతక చీర ఉతికి కట్టుకుని వరుసలో నిలబడింది. ఆయన జాబితా తిప్పాడు. ఆ కుటుంబానికి ఆరుగురు పిల్లలు ఉన్నారు, పనిమనిషి లేదు. ఆమె పేరు ఎక్కడా లేదు.

"ఈ అమ్మ ఇక్కడి ఏ ఇంటి నుంచో పారిపోయి వచ్చిందేమో, నాకెలా తెలుస్తుంది?" అని హిందీలో విసుక్కున్నాడు. తాళాల గుత్తితో పక్కనే నిలబడ్డ నావైపు చూసి, "నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. సర్కారు కాగితం మీద దొంగ రాత రాసినవాడికి ఏం చేస్తారో అని ఒకటే ఆలోచన. ఇకామా రద్దు, జైలు, ఆ తర్వాత ఇంటికి. ముగ్గురు తమ్ముళ్లు నా మీద ఆధారపడి ఉన్నారు.

"నాకు తెల్వద్ సాబ్" అన్నాను.

ఆమె ఆ మాట విన్నది. నమ్మింది కూడా. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "పోనీలేన్నా, నువ్వేం చేస్తావు పాపం" అని నన్నే ఓదార్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఐదు నెలలు గడిచాయి. ఆమె ఉతుకుతూనే ఉంది. నేను మెట్ల మీద ఎదురుపడకుండా వేళలు మార్చుకున్నాను. ఈలోగా బిల్డింగును సొంతదారుకు అప్పగించే రోజు దగ్గరపడింది. కాగితం లేని మనిషి ఆ తర్వాత పోలీసుల చేతిలో పడటమే. అప్పుడు ఆమె, అరబ్బీ నాకంటే బాగా వచ్చిన మనిషి, తనే నేరుగా ముదీర్ గదిలోకి పోయి మాట్లాడింది. వచ్చి నన్ను వెతికి పట్టుకుంది.

"అన్నా, పాత జాబితాల్లో యాడన్నా నా పేరుంటే సంతకం పెట్టి జెడ్డా ఆఫీసుకు పంపుతానన్నాడు. ఆయప్ప లేసి ఎతకడు. నాకు సదువు రాదు. నువ్వు సదివి పెట్టు."

"ఇప్పుడా? నాకు పనుంది."

"రాన్నా."

ముదీర్ ఫైళ్లు నా ముందుకు తోశాడు. ఒక్కో నెల తీసి పైకి చదివాను. ఆమె నా భుజం పక్కన నిలబడి, అర్థం కాని గీతల మీద నా వేలినే చూస్తోంది. మూడో అంతస్తు వచ్చింది. తండ్రి, తల్లి, నాయనమ్మ, ఐదుగురు పిల్లలు. ఆరో బిడ్డ పేరు దగ్గర ఆగాను.

"సదువన్నా" అంది.

ఆ అరబ్బీ పేరు చదివాను. కువైట్ ఇంట్లో తనను పిలిచిన పేరు కదా, ఆమె ఉలిక్కిపడింది. అప్పుడు తెలుగులో ఆమెకు, వచ్చిన అరబ్బీలో ముదీర్‌కు చెప్పేశాను. "ఇది నువ్వేనమ్మా. బువ్వ కోసమని బిడ్డ కింద రాసిన. ఆ ఆఫీసరు అడిగిననాడు భయపడి చెప్పలే."

ముదీర్ నావైపు, ఆమెవైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. ఒక్క పళ్లెం కోసం ఇంత కథా అని నవ్వాడు. పెన్ను తీసి 'కూతురు' అన్న మాట కొట్టేసి, 'ఇంటి పనిమనిషి, ఇండియా' అని రాశాడు. పేరు అడిగాడు. ఆమె తన సొంత పేరు చెప్పింది. అదీ రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టి, చల్లారిన టీ అందుకున్నాడు.

ఆమె కొట్టేసిన చోటునే చూస్తూ నిలబడింది. సిరా ఇంకా తడిగా ఉంది.

"ఇంతేనా అన్నా?" అంది.

"ఇంతే" అన్నాను.