నీళ్ల కామెర్లు, రక్తం కామెర్లు

ల్యాబు కిటికీ దగ్గర రిపోర్టులిచ్చే పెద్దాయన కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ అందరికీ ఒకే పాఠం చెబుతాడు. "హెపటైటిస్‌లో ఏ, ఈ అనే రకాలు నీళ్ల కామెర్లు, చుట్టాల్లా వచ్చి పోతాయి. బీ, సీ రక్తంలో చేరేవి. సీ మందులకు పోతుంది. బీ మాత్రం కాపురం పెట్టేస్తుంది, అదుపులో ఉంచుకోవాలంతే. డీ ఒంటరిగా రాదు, బీ వీపెక్కి వస్తుంది." భయంతో వచ్చినవాళ్లు కూడా ఆ మాటకు నవ్వుతారు.

నిన్న ఆ కిటికీ ముందు ఆయన సొంత తమ్ముడే నిలబడ్డాడు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట కుండలా ఉబ్బింది. "మా వీధిలో అందరికీ వచ్చిన నీళ్లదే కదా అన్నయ్యా?" "కాదురా. బీ. కాలేయం గట్టిపడిపోయింది, చేయి దాటింది. పుట్టినప్పుడే అమ్మ నుంచి వచ్చుంటుంది." "మరి నీకు?" పెద్దాయన తల దించుకున్నాడు. "నాకూ ఉంది. పదకొండేళ్ల కిందటే తెలిసింది. మందులు వాడుతున్నా. ఉద్యోగం ఊడుతుందని ఎవరికీ చెప్పలేదు." తమ్ముడు అరవలేదు. "అప్పుడే ఒక్క మాట అనుంటే నేనూ చూపించుకునేవాణ్ణి కదా," అన్నాడు, దారి అడిగినంత మామూలుగా. పెద్దాయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. వరుసలో వెనకున్న ఆవిడ "తొందరగా కానివ్వండి బాబూ" అంటే, తమ్ముడే పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చాడు.